సైనా గుంట

విజయనగరంలో మాది తాళ్ళ కొట్టు. పలుపులు, మోకులు, చేంతాళ్ళు, నులక, చాపలు అమ్ముతాం. పొద్దుటిపూట మా ఆయన కూర్చుంటారు. భోంచేసి ఆయన కునుకు తీసే వేళకు నేను వస్తాను. ఆ వేళకు బజారు కూడా సగం నిద్రలో ఉంటుంది. కొబ్బరిపీచు వాసనా గోగునార వాసనా కలిసి గాలి బరువెక్కుతుంది. ఫ్యాను ఆ బరువునే నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది. నేను మెలకువగా ఉన్నానో, నిద్రపోతున్నానో నాకే తెలియని అలాంటి ఒక మధ్యాహ్నం, గొడుగు కింద ఒక ముఖం కనిపించింది. గుండ్రటి ముఖం, సన్నటి కళ్ళు, పసుపు కలిసిన తెలుపు. కలలో ఎవరో వచ్చారనుకున్నాను. ఆ ముఖం నవ్వి, తడిబట్టలు ఆరేస్తున్నట్టు చేతులు గాల్లో ఆడించింది.

"తాడు," అన్నాను.

"తాదు," అంది. ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట అది.

మా మేడ మీది గదుల్ని ఒకావిడకు బ్యూటీ పార్లరు కోసం అద్దెకిచ్చాం. ఈ అమ్మాయిని మిజోరం నుంచి ఆవిడే పనికి పిలిపించుకుంది. వచ్చిన వారం తిరక్కుండా బజారు ఆమెకు పేరు పెట్టేసింది. సైనా గుంట. చైనా మా నోట సైనా. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఆ మాటలో చనువుంది, కాస్త ముద్దు కూడా ఉంది. దాని ముందున్న మాటలో ఏముందో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

ఆ పేరు అందరికన్నా గట్టిగా పిలిచేవాడు మావ. నాకు చుట్టం కాదు. రామతీర్థం దగ్గరి పల్లె నుంచి ఎడ్లకు పలుపులు కొనడానికి వచ్చే రైతు. బజారంతటికీ మావ. మనిషిని చూస్తే ఆటపట్టించకుండా ఉండలేడు. మా ఆయన పొట్టకో పేరు, నా కళ్ళజోడుకో పేరు పెట్టాడు. ఆ అమ్మాయి మెట్లు దిగితే చాలు, వీధి చివరికి వినపడేలా, "ఏటే సైనా, ఏటి తిన్నావు? పామా, కప్పా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఏమన్నాడో తెలియక ఆమె కూడా నవ్వేది. తాటిముంజలు తెచ్చిన రోజు మొదటి ముంజ ఆమెకే ఒలిచి ఇచ్చేవాడు.

ఆమెకు మాటలు తొందరగా వచ్చేశాయి. పుస్తకంలోంచి కాదు, పార్లరుకు వచ్చే ఆడవాళ్ళ దగ్గర, కూరగాయల బండి దగ్గర, మా కొట్లో. అందుకే మా యాసే వచ్చింది. నన్ను పిన్నీ అనేది. కళ్ళు మూసుకుని వింటే మా వైపు ఏ ఎచ్చెర్ల పిల్లో మాట్లాడుతున్నట్టుండేది. కళ్ళు తెరిస్తే ఆ ముఖమూ ఈ మాటా ఒకదానికొకటి అతకక, నాకు చిత్రంగా, హాయిగా ఉండేది.

మాటలు వచ్చాక పాము, కప్ప అర్థమయ్యాయి. ఒకరోజు మావ మామూలుగా కేకేశాడు. ఆమె మెట్ల మీదే ఆగింది.

"నాను సైనా కాదు మావా. మిజోరం. అది కూడా ఇండియాయే."

"తెల్సులేవే. ముద్దుకంటన్నాను."

"ముద్దుకైతే పేరెట్టి పిలు."

"నీ పేరు నా నోరు తిరగదే గుంటా."

"నేర్సుకో. మీ మాటలన్నీ నాను నేర్సుకోలేదేటి?"

బజారు మళ్ళీ నవ్వింది, ఈసారి మావను చూసి. మావ కూడా నవ్వాడు. మర్నాడు మళ్ళీ సైనా అనే పిలిచాడు.

ఆ వానల్లో ఆమెకు జ్వరం పట్టుకుంది. డెంగీ అన్నారు. పార్లరావిడ ఊళ్ళో లేదు. నేనే ఆసుపత్రిలో చేర్పించాను. కబురు తెలిసి మావ పంచె పైకి కట్టుకుని, మోపెడ్ మీద వానలో తడుస్తూ వచ్చాడు. బొప్పాయి ఆకులు తెచ్చాడు. రాత్రికి ఇంటికి పొమ్మన్నా కదల్లేదు, వరండాలో బల్ల మీద ముడుచుకున్నాడు. నర్సు బయటికి వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, "మా సైనా గుంటకెలగున్నాది తల్లీ?" అని అడిగేవాడు.

జ్వరం తగ్గాక ఆమె నాతో అంది. "జరంలో ఆ మాట ఇనపడింది పిన్నీ. ఎక్కడో నీటి అడుగు నుంచి ఇన్నట్టు. ఏడుపొచ్చింది. కోపానికొచ్చిందో, దేనికొచ్చిందో తెల్దు."

కిటికీలోంచి తడిసిన వేపచెట్టు వాసన వస్తోంది. ఆమె జుట్టు చిక్కు తీస్తూ కూర్చున్నాను.

ఆమె కోలుకున్నాక జరిగింది చేపల సంగతి. మేం చేపలు ముట్టం కాబట్టి నేనక్కడ లేను, తర్వాత ఫోనులో చూశాను. సముద్రం వైపు నుంచి గంపతో వచ్చే ఆవిడ దగ్గర ఆమె బేరమాడుతోంది. "కొనుక్కోవే సైనా, తాజా సేప," అంది గంపావిడ. ఈమె చేప మొప్ప ఎత్తి చూసి, "ఓలప్పా, నన్ను సైనా అంటన్నావు గాని, నీ సేపే సైనా నుంచి నడిసొచ్చినట్టున్నాది. కళ్ళు సూడు, ఎలగ ఎల్లబెట్టిందో!" అంది. గంపావిడ నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది. పార్లరుకు వచ్చే కాలేజీ పిల్ల ఒకర్తె ఇదంతా వీడియో తీసి పెట్టేసింది. రెండు మూడు రోజుల్లో మాకు తెలియని ఊళ్ళలో కూడా జనం దాన్ని చూస్తున్నారు.

మధ్యాహ్నాలు ఇద్దరం కొట్లో కూర్చుని కింద రాసినవన్నీ చదివేవాళ్ళం. నేను చదివితే ఆమె వినేది. బాగుందని రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. మిగతావాళ్ళు ఆమె కళ్ళ మీద రాశారు, ముక్కు మీద రాశారు, కరోనా అని రాశారు. అవి చదవకుండా దాటవేయబోతే, "సదువు పిన్నీ, నాకివి కొత్తేటి?" అంది. తర్వాత ఇంకొకటి వచ్చింది. 'ముఖం ఫారిన్, భాష మాత్రం పనిమనిషిది.' దాని కింద వందలమంది నవ్వు బొమ్మలు పెట్టారు.

అది చదివి నేను ఆగిపోయాను. ఆమె ముఖం మీద రాసినవి చదువుతుంటే జాలేసింది, కోపమొచ్చింది. ఇది మాత్రం నా ఒంటి మీద పడింది. మా అమ్మ నాకు జోల పాడిన భాష అది. సినిమాల్లో, టీవీల్లో ఇంట్లో గిన్నెలు తోమే మనిషికో దొంగకో తిక్కవాడికో మా యాస పెడతారని ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను, నవ్వుతూనే ఉన్నాను. అసలు గిన్నెలు తోమే మనిషి భాష అయితే మాత్రం తక్కువేమిటని ఆ పూటంతా అనుకుంటూ కూర్చున్నాను. ఎవరో వచ్చి చేంతాడు అడిగితే చాప ఇచ్చాను.

అప్పుడే హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఒక టీవీ కామెడీ కార్యక్రమంలో వేషం ఇస్తామన్నారు. ఆమె ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు వాళ్ళ ఊరి చర్చిలో నాటకాలు వేసేదట. "నువ్వు కూడా రా పిన్నీ," అంది. మా ఆయన్ని ఒప్పించి బయలుదేరాను.

రైలు తెల్లవారుజామున హైదరాబాదు చేరింది. ఆ స్టూడియో లోపల పగలో రాత్రో తెలియదు. గోడలన్నీ నల్లగుడ్డ, మధ్యలో వెలుగులో ఒక ఇల్లు. తలుపు తెరిస్తే వెనక ఇల్లు లేదు. మెట్లెక్కితే పైన మేడ లేదు. నేను చల్లటి నిద్రలో నడుస్తున్నట్టు నడిచాను.

స్కిట్ రాసిన అబ్బాయి మర్యాదస్తుడు. మాకు టీ తెప్పించి, తనే పక్కన కూర్చుని కాగితాలు చూపించాడు. "మేం ఇప్పుడు చాలా జాగ్రత్తగా ఉంటున్నాం మేడమ్. చైనా అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. రంగు మీద మాట లేదు, కులం మీద లేదు. ఈశాన్య రాష్ట్రం అమ్మాయి అనే ఉంటుంది."

నిజమే, చెడ్డమాట ఒక్కటీ లేదు. కథ మాత్రం ఇది. ఈశాన్య రాష్ట్రం అమ్మాయి పనిమనిషిగా చేరుతుంది. అమ్మగారు ఒకటి చెబితే ఇంకొకటి చేస్తుంది. నోరు తెరిస్తే మా యాస వస్తుంది, జనం నవ్వుతారు. చివర్లో అమ్మగారి కుక్కపిల్ల కనపడదు. అందరూ ఆమె పొయ్యి మీద గిన్నె వైపు చూస్తారు.

ఆమె కాగితాలు అతని వైపు జరిపింది. "నాకు ఓనరమ్మ ఏషం ఇవ్వండి," అంది.

ఆ అబ్బాయి నవ్వాడు. "ఓనరమ్మ ఈ యాసలో మాట్లాడితే ఎలా? నమ్మరు కదా."

నేనెప్పుడూ కొత్తవాళ్ళ ముందు నోరు విప్పను. ఆ రోజు విప్పాను. "నాను ఓనరమ్మనే బాబూ. ఇలగే మాట్లాడతాను."

అతను కంగారుపడ్డాడు. "అయ్యో, మీ గురించి కాదు మేడమ్. ఎవర్నీ నొప్పించే ఉద్దేశం లేదు. నవ్వించడమే."

అబద్ధమాడాడని నాకనిపించలేదు. ఒకసారి దీపాల కింద నిలబడి చూడమ్మా, నచ్చకపోతే మానెయ్ అని ఆమెను బతిమాలాడు. ఆమె వెళ్ళి నిలబడింది. కెమెరా వెనక నుంచి ఎవరో "నీ మాటల్లో ఏదైనా మాట్లాడు, వాయిస్ చూడాలి," అన్నారు.

ఆమె తన మాటల్లోనే మాట్లాడింది. తెలుగు కాదు, వాళ్ళ అమ్మ భాషలో. నేను అంతవరకూ ఆమె నోట ఆ భాష ఫోన్లో ముక్కలుగా విన్నానే గాని, ఇలా ధారగా వినలేదు. గొంతు మారిపోయింది, కొంచెం కిందికి దిగి, మెత్తగా, ఏటవాలుగా జారుతూ. చేయి ఒకసారి ఎత్తి దేన్నో నెమ్మదిగా తోలినట్టు ఊపింది. దీపాలు పట్టుకున్నవాళ్ళు అలాగే నిలబడిపోయారు. ఒక్క మాట అర్థం కాలేదు, అయినా నాకు ఒళ్ళంతా చల్లబడింది. ఎంతసేపో తెలియదు. ఆగి, దండం పెట్టి, దిగి వచ్చేసింది.

"చాలా బావుంది. కానీ దీన్నేం చేసుకోను?" అన్నాడు రాసినబ్బాయి. నిజంగా బాధపడే అన్నాడు. గేటు దాకా వచ్చి నన్నడిగాడు. "నేను తప్పేం రాయలేదు కదా మేడమ్?"

రాసిన మాటల్లో వెతికితే నాకు తప్పు దొరకలేదు. ఆటో ఎక్కాను.

తిరుగు ప్రయాణం పగటి బండిలో. తుని దాటాక మామిడితోటల మీద ఎండ పండుతోంది. అప్పుడు అడిగాను, అక్కడ ఏం చెప్పావని.

"మా ఊర్లో వానాకాలం మబ్బు ఇంట్లోకొచ్చేస్తాది పిన్నీ. కిటికీ మూయడం మర్సిపోతే మంచం మీద కూకుంటాది. మా అమ్మ దాన్ని తువ్వాల పెట్టి తోలేస్తాది. అదే సెప్పినాను."

"అది అక్కడెందుకే?"

"ఎవులికీ తెల్దు కదా. నవ్వరు."

కిటికీకి తల ఆనించి పడుకుంది. నేను మేలుకునే ఉన్నాననుకుంటాను. మంచం మీద మబ్బు కూర్చున్న ఇల్లు మాత్రం కళ్ళ ముందు ఆడుతూ ఉంది.

ఆ స్కిట్ వేరే అమ్మాయితో చేసి చూపించారు. కొట్లోనే ఫోనులో చూశాం. పలుపుల కోసం వచ్చిన మావ కూడా మెడ సాచి చూశాడు. అమ్మగారు మజ్జిగ చిలకమంటే పనమ్మాయి మిక్సీని తాడుతో లాగే చోట మావ ఫక్కున నవ్వి, చటుక్కున ఆగి ఆమె వైపు చూశాడు. "నాను నవ్వొచ్చేటే?"

"నవ్వొస్తే నవ్వు మావా. నాకూ వచ్చింది."

తర్వాత ఆ నటి ముఖం దగ్గరగా చూపించారు. మావ కళ్ళు చిట్లించాడు. "ఆ గుంట కళ్ళకదేటి అతికించినారు?"

"టేపు. నాలాగ కనపడాలని."

కుక్కపిల్ల వచ్చేలోపు ఆమె ఫోను బోర్లించేసింది. మావ చాలాసేపు పలుపు ముడులు విప్పుతూ, వేస్తూ కూర్చుని, "వస్తాను సావుకారమ్మా," అని నాకు మాత్రం చెప్పి వెళ్ళాడు.

ఆ రోజు నుంచి సైనా అనడం మానేశాడు. ఆమె పేరుకు నోరు తిరగదు. దాంతో ఆమెను పిలవడమే మానేశాడు. ఆమె మెట్లు దిగితే దగ్గేవాడు, తాళ్ళు తడిమేవాడు. ముంజలు నా చేతికిచ్చి "పైకిచ్చీండి" అనేవాడు. కొట్టంతా చప్పబడిపోయింది. "మావకేటయింది పిన్నీ? తిట్టినా బాగుణ్ణు," అందామె. చివరికి ఒకరోజు గొంతు సవరించుకుని, ఏదో ఒక పేరు పిలిచాడు. అది ఆమె పేరు కాదు, దానికి దూరపు చుట్టం లాంటి పేరు. నేను తలెత్తి చూశాను. ఆమె మెట్ల మీద ఆగి, కాసేపు ఆ పేరును నాలుక మీద పెట్టుకుని చూసుకున్నట్టు నిలబడి, "ఏటి మావా?" అంది.

ఆ డిసెంబరులో క్రిస్మస్‌కు ఆమె ఊరెళ్ళింది. పండగనాడు నాకు వీడియో ఫోను చేసింది. చెక్కగోడల ఇల్లు, గది నిండా మనుషులు. వాళ్ళ అమ్మ ఫోను అందుకుని నా ముఖంలోకి, బొట్టులోకి, ముక్కుపుడకలోకి చాలాసేపు తేరిపార చూసింది. పక్కవాళ్ళతో ఏదో అంది. గదంతా నవ్వింది.

"ఏటంటన్నారే?" అన్నాను.

ఆమె తటపటాయించింది. "వాయ్ అంటన్నారు. కిందనుంచొచ్చినోళ్ళని, మీలాటోళ్ళని, మా ఊర్లో అలగంటారు."

"మంచిమాటా, సెడ్డదా?"

ఆమె చెప్పేలోగా వాళ్ళ అమ్మ ఆవిరి వస్తున్న గ్లాసొకటి నా ముఖం దగ్గరగా ఎత్తి, తాగు తాగు అన్నట్టు చేయి ఊపింది. నాకూ నవ్వొచ్చింది. ఆ ఆవిరికి వాళ్ళ ఫోను అద్దం మసకబారి ముఖాలన్నీ కలిసిపోయాయి. ఎవరో కొంగుతోనో తువ్వాలతోనో తుడిచే దాకా, తెల్లటి పొగలోంచి వాళ్ళ మాటలు మాత్రం వింటూ కూర్చున్నాను.