మెరుపు బాబాయ్ మెరిపించిన స్టడ్లు

మా ప్లాంటు స్టోర్లో ముప్పయ్యేళ్లుగా పాతుకుపోయిన పెద్దమనిషిని అందరం మెరుపు బాబాయ్ అంటాం. బుర్ర మెరుపనుకునేరు. ఆవిరి పైపుల అతుకుల్లోంచి ఊడదీసిన పాత స్టడ్లను కిరోసిన్లో నానబెట్టి, వైరు బ్రష్షుతో రుద్ది, నూనె పూసి తళతళలాడించి మళ్లీ మా చేతుల్లోనే పెడతాడు.

స్టడ్డంటే రెండు చివర్లా నట్టు బిగించే మరలున్న కడ్డీ. ఐదొందల డిగ్రీల వేడిలో ఏళ్లతరబడి ఉంటే అది సాగుతుంది. కంటికి తెలియదు. వేలితో నట్టు తిప్పితే చివరిదాకా సాఫీగా నడవాలి. నడుమ పట్టేసిందా, ఇక అది పాత ఇనుము కిందికే. బాబాయ్‌కి ఇదంతా నాకంటే బాగా తెలుసు. అందుకే పట్టేసినచోట డై అనే కోత పనిముట్టు తిప్పి మరలు మళ్లీ కోసేవాడు. అసలే బలం పోయిన కడ్డీ ఇంకా సన్నబడేది. నట్టు మాత్రం బుద్ధిగా నడిచేది. కొత్తవి కొనే ఖర్చు మిగిల్చిన ఈ ఘనకార్యానికి మేనేజరు ఇచ్చిన బోడి ప్రశంసాపత్రాలు నాలుగు, పటాలు కట్టించి మరీ గోడకు తగిలించుకున్నాడు.

నేను ఫిట్టర్ని. ఈసారి మరమ్మతుల్లో చివరికి రెండు అతుకులు మిగిలాయి. ఒకటి నాది, పక్కది బాబాయ్ అల్లుడిది. ఆవిరి వదిలాక పైపులైను వేడెక్కుతుంటే ఎవరి అతుకు దగ్గర వాళ్లం నిలబడి మళ్లీ బిగించాలి. అప్పుడు స్టడ్లు తెగితే ఆవిరి మా ముఖాల మీదే. నాకిచ్చిన వాటి నడుమ మరలు కొత్తగా కోసిన గుర్తులున్నాయి. పట్టుకుని స్టోరుకెళ్లాను.

"ఇవి వద్దు బాబాయ్, కొత్తవి ఇవ్వండి."

"నీకేమన్నా కొమ్ములొచ్చాయా? ఇన్నేళ్లూ అందరూ ఇవే వాడలేదూ?"

"కొత్తవి లేవా?"

"ఒక్కటీ లేదు. వెళ్లి పని చూసుకో."

తిరిగొచ్చేసరికి అల్లుడు కాగితం పొట్లం విప్పుతున్నాడు. లోపల పదహారు స్టడ్లు, కంపెనీ గ్రీజు కూడా తుడవనివి.

"ఎక్కడివి?" అన్నాను.

"మామయ్య ఇచ్చారన్నా. ఎవరికీ చెప్పొద్దన్నారు," అని నా చేతిలోవి చూసి తల దించుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. మళ్లీ స్టోరుకెళ్లి, గుమ్మంలోంచే చెప్పాను.

"మీ అల్లుడూ నేనూ అతుకులు మార్చుకున్నాం బాబాయ్. మీ మెరుపు స్టడ్ల దగ్గర అతను నిలబడతాడు."

పది నిమిషాలు తిరక్కుండానే, లేవన్న కొత్త స్టడ్లు ఇంకో పదహారు వచ్చాయి. బాబాయే రొప్పుతూ మోసుకొచ్చాడు. నేను చెయ్యి చాచినా నాకివ్వలేదు. నన్ను దాటుకుని వెళ్లి అల్లుడి చేతిలో పెట్టి, "జాగ్రత్త బాబూ" అన్నాడు.

ముప్పయ్యేళ్లలో ఆ మాట ఆయన నోటివెంట వినడం మాకదే మొదటిసారి.