బావ పాట చివర కాస్త రొద

వేలూరులో గానీ, ఇటు గుడియాత్తంలో గానీ, అటు అరక్కోణం దాకా వెతికినా గానీ, డిథర్‌ని ఉత్త చెవితో పట్టేవాడు నేనొక్కడినే. పాట చివరి మూడు సెకన్లు వినిపిస్తే చాలు, ఏ రకం డిథర్ వేసినారో చెప్పేస్తాను.

డిథర్ అంటే బెదిరిపోయే పని లేదు. వేలూరు తొరపాడిలో మా ఇంటి వెనక గదిలో పాట రికార్డు చేసేటప్పుడు కంప్యూటర్ శబ్దాన్ని ఇరవైనాలుగు బిట్లలో, అంటే చానా సన్నని మెట్లలో పట్టుకుంటుంది. సీడీకి పట్టేది పదహారు బిట్లే. కింది మెట్లు కోసేయాల. ఊరికే కోసేస్తే, పాట సన్నబడి ఆగిపోయే చోట శబ్దం జారకుండా ఇరుక్కుని గరగరమంటుంది. కోసేముందు రవ్వంత రొద చల్లితే ఆ గరగర పోతుంది. అంగట్లో తుప్పుపట్టిన కాటా ముల్లు ఇరుక్కుంటే వేలితో తట్టి కదిలిస్తారే, అదే పని. ఆ చల్లే రొదే డిథర్. దాన్ని అన్ని స్థాయిల్లోనూ సమంగా చల్లొచ్చు, లేదంటే చెవికి అంతగా ఆనని, కీచుమనే పై స్థాయిలోకి తోసేయొచ్చు.

మా బావ, అక్క మొగుడు, గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. భజనలో ముందు గొంతు ఆయనదే. ఆ గొంతులోనే గడ్డ వచ్చింది. సోమవారం స్వరపేటిక తీసేస్తామని వేలూరు ఆసుపత్రిలో చెప్పినారు. అందుకని ముందు వారమే మా గదికి వచ్చి ఒక పాట పాడి పోయినాడు. భజన మఠంలో ఉండేది సీడీ ప్లేయరే, కాబట్టి సీడీనే కావాలన్నాడు. శనివారం పొద్దున కూతురిని తోడు తీసుకుని, టౌన్ బస్సులో వినడానికి వచ్చినాడు.

ముగ్గురమూ తలా ఒక హెడ్‌ఫోన్ తగిలించుకున్నాక, పాట అణిగిపోయే చోట సౌండు బాగా పెంచి వినిపించినాను. మామూలు సౌండులో ఆ తేడాలు దొరకవు. బావ హెడ్‌ఫోన్ తీసేసినాడు.

"రేయ్ బామ్మర్దీ, చివర గరగరమంటాండాది. అది నా గొంతుదా, నీ మిషన్‌దా? నెజం చెప్పు."

"నా మిషన్‌దే బావా. డిథర్ లేకుంటే ఎట్లుంటాదో చూపిద్దామని కావాలనే అట్ల కోసినా" అని చటుక్కున చెప్పినాను. తర్వాత సమంగా చల్లింది వినిపించినాను. ఆఖర్న పైకి తోసింది పెట్టి, "ఈ మూడోది చూడు బావా, కడిగిన గాజు!" అన్నాను. బావ కళ్లు మూసుకుని విని, మూడు వేళ్లు చూపించినాడు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాల. డెబ్బై దాటిన నా చెవికి పై స్థాయి శబ్దాలు ఏనాడో మూతపడినాయి. మూడోదాంట్లో రొద నాకు వినబడలేదంటే, అది పోయి నా చెవుడులో కూర్చుందని అర్థం. చెవితో పట్టేస్తానన్నది కూడా, సగం తెర మీద గీతలు చూసి చెప్పేదే. అయితే ఏ పాటకి ఏది నప్పుతుందో చెప్పడంలో మాత్రం నా గురి తప్పదు.

ఆపరేషన్ అయి బావ ఇల్లు చేరినాక, మఠంలో ఆ సీడీ పెట్టినారు. ఆయన మెడకు గుడ్డ చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పాట అయిపోయినాక నేను లేచి, మూడు వేళ్ల కథ అందరికీ చెప్పినాను. చెప్పడం పూర్తి కాకముందే మేనకోడలు అందుకుంది.

"ఇంక చాలు మామా, ఆపు. కావాలనీ కాదు, మూడు వేళ్లూ లేవు. డిథర్ వేసేది మర్చిపోయినావు. నాయన అడిగితే గోడకేసి చూసినావు. పైకి తోసింది పెట్టినావు గదా, సన్నంగా సుయ్‌మంటాండాదని నేనంటే 'యాడమ్మా?' అన్నావు. అంతసేపూ నాయన గొంతు పట్టుకునే కూర్చున్నాడు. సమంగా చల్లింది పెట్టమని అడిగింది నేను. అది విన్నాకనే నాయనకి తెలిసింది, ఆ గరగర తనది కాదని. ఇప్పుడు మీరంతా విన్నదీ అదే."