తిట్టు చివరిదాకా

ఉడికిన వడ్ల ఆవిరి ముక్కుకు తగిలితే అందరికీ అన్నం గుర్తొస్తుందేమో, నాకు మాత్రం విమల మేడం గుర్తొస్తారు. ఈ ఉదయం కోదాడలో ఒక మిల్లు ఆఫీసులో కూర్చుని నల్ల తెర మీద కమాండు కొడుతుంటే, కిటికీలోంచి అదే ఆవిరి లోపలికొచ్చింది. మేడం పోయి రెండు వానాకాలాలు దాటాయి. అయినా, వెనక నిలబడి చూస్తున్నారేమో అన్నట్టు నా వేలు ఎంటర్ మీద ఒక్క క్షణం ఆగింది.

ఆమెది కోదాడే. సూర్యాపేట మార్కెట్ యార్డు దగ్గర, విత్తనాల దుకాణం పైన చిన్న ఆఫీసు పెట్టి మిల్లులకు కంప్యూటర్ పనులు చేసిపెట్టేవారు. నేను తిరుమలగిరి దిక్కు గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టినవాణ్ని. ఎనిమిదో తరగతిలో సారు తిట్టు సగంలో ఉండగానే గోడ దూకాను. మిగతా సగంలో ఏముందో నేటికీ తెలియదు. పెద్దయ్యాక మేడం ఆఫీసులో సీసీ కెమెరాలు బిగించడానికి వెళ్లి, బిగించాక కూడా లేవకుండా కూర్చుండిపోయాను. కారణం ఆ నల్ల తెర. ఆమె ఒక్క వరుస కొడితే, ఏ దేశంలో ఉందో తెలియని యంత్రం రెప్పపాటులో బదులు పలికేది.

"మేడం, గిది మంత్రమా? తాయెత్తు గిట్ల కట్టిన్రా?" అన్నాను.

"కట్టాను, నీ నోటికి కట్టాల్సింది దీనికి కట్టాను," అని నవ్వారు. "సరే చెప్పు సైదులూ, సంతలో మీ గొర్రె మీదేనని ఎట్లా గుర్తుపడతారు?"

"చెవి గాటు సూసి. మా ఇంటి గాటు మాది."

"గాటు పెట్టిన కత్తిని కూడా సంతకి తీసుకెళ్తారా?"

"కత్తెందుకు మేడం? అది ఇంట్లనే ఉంటది."

"ఆ యంత్రం మనల్ని గుర్తుపట్టేదీ అంతే. రహస్యపు తాళంచెవి మన దగ్గరే ఉంటది, దారిలోకి పోదు. దాంతో పెట్టిన గాటు మాత్రం పోతది. అవతల కూడా అట్లాంటి కత్తే ఉంది. వాళ్లూ గాటు పెట్టుకుని, రెండూ సరిపోలితేనే తలుపు తీస్తారు. పైగా ఒక్కో మాటకి ఒక్కో గాటు. ఏమడిగావు, ఏ టైంకి అడిగావు, అన్నీ అందులో కలుస్తాయి. ఎవడన్నా పాత గాటు ఎత్తుకొచ్చి చూపిస్తే చెల్లదు."

తరాలుగా చెవులకు గాట్లు పెట్టిన ఇంట్లో పుట్టి, ఆ పనిలో ఇంత లోతు ఉందని నేనెన్నడూ అనుకోలేదు. ఆ రోజు నా నోట జోకు రాలేదు. మేడం ఆశ్చర్యపోయి, జ్వరమేమైనా వచ్చిందా అని అడిగారు.

ఆమె దగ్గరే పనికి కుదిరాక, కోతల కాలంలో నన్ను మిర్యాలగూడలో ఒక మిల్లుకు పంపారు. అక్కడ ట్రాక్టరు రాగానే వడ్ల ఫొటో, తూకం క్లౌడ్‌కు, అంటే ఆ దూరపు యంత్రానికి పోవాలి, టోకెన్ తిరిగి రావాలి. అప్పుడే గేటు తీస్తారు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి టోకెన్లు రావడం ఆగిపోయింది. ఏం పంపినా తెర మీద ఎర్రని ఇంగ్లీషు. బయట ట్రాక్టర్ల వరుస, పైన కారుమబ్బు. నిడమనూరు నుంచి వచ్చిన సోమక్క అనే రైతు కిటికీ దగ్గరికొచ్చింది.

"బిడ్డా, వడ్ల మీద కప్పిన పరద చినిగింది. వాన వడితే వడ్లు మొలకెత్తుతయి. ఇగ ఎవలు కొంటరు? జర సూడు కొడుకా."

మేడంకు ఫోన్ చేశాను. "తాళంచెవి పాడైంది మేడం, కొత్తది పంపుండ్రి!"

"తెర మీద ఏం రాసుంది?"

"ఇంగ్లీషుల తిడుతున్నది."

"తిట్టు చివరిదాకా చదువు."

"మేడం, గీడ వాన..."

"అందుకే చదవమంటున్నా. సగంలో గోడ దూకకు."

తెర మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. టైము గురించిన చివరి ముక్క దగ్గర ఆమె ఆపారు. "చాలు. ఆ కంప్యూటర్‌లో టైమెంత?"

"మూడున్నర."

"నీ ఫోన్‌లో?"

"మూడే!"

పక్కనున్న గుమాస్తా యాదగిరి గర్వంగా అందుకున్నాడు. "మా సేటు రాహుకాలం రాకముందే లారీ ఎల్లాలని గడియారాలన్ని అరగంట ముంగటికే వెట్టిస్తడు. గీ కంప్యూటర్ ఒక్కటే ఎనకవడ్డది. ఇందాకనే గోడ గడియారం సూసి నేనే సరిజేసిన!"

అరగంట తర్వాత పుట్టాల్సిన గాటు ఇప్పుడే వచ్చిందంటే అవతల ఎవరు నమ్ముతారు? టైము సరిచేసి మళ్ళీ అదే వరుస కొట్టాను. టోకెన్ వచ్చింది. గేటు తెరుచుకుంది. సోమక్క ట్రాక్టరు రేకుల షెడ్డు కిందికి చేరాక తొలి చినుకులు పడ్డాయి. షెడ్డు మీద వాన మోగుతుంటే నేను ఆ గోడ గడియారం వంకే చూస్తుండిపోయాను. సూర్యాపేటలో కూర్చున్న మనిషి, మిర్యాలగూడ గోడ మీది గడియారాన్ని చూడకుండానే పట్టుకుంది!

ఈ ఉదయం కోదాడలో కూడా తెర తిట్టింది. పక్కన మిల్లు యజమాని, "ఖతమా?" అని కంగారుపడ్డాడు.

"ఆగుండ్రి సేటూ, ఇంకా తిడుతున్నది," అన్నాను. తెర మీద వేలు పెట్టి, చివరి అక్షరం దాకా చదివాను.