పసుపు చారల కొమ్మ

మా డాబా మీద పుట్టిన గులాబీ కథ రాయమని గులాబీలు పెంచేవాళ్ల గ్రూపులో నన్ను అడుగుతూనే ఉంటారు. ఇన్నాళ్లూ రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని. హైబ్రిడ్ టీ రకం ఎర్ర గులాబీ మొక్కకు ఒక కొమ్మ తనంతట తానే రంగు మార్చింది, దాని కణుపుల దగ్గరి కన్నులు తీసి అంటు కట్టించాను, అంతే. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మొక్క నాది కాదు.

మా తోటికోడలిది. విజయవాడలో ఒకే ఇంట్లో కింద వాళ్లు, పైన మేము. డాబా ఇద్దరిదీ. నేను కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయినదాన్ని. ఇరవై ఏళ్లుగా గులాబీలు పెంచుతున్నా ప్రదర్శనల్లో ఒక్క బహుమతీ రాలేదు. ఆమె పామర్రు వైపు రైతుబిడ్డ. కాపురానికి వచ్చిన ఏడాది తోపుడు బండి మీద కొన్న ఒక్క మొక్క నుంచి కొమ్మలు నాటుకుంటూ ఎనిమిది కుండీలు చేసింది. బియ్యం కడిగిన నీళ్లు తప్ప ఏమీ పోసేది కాదు. అయినా నా మొక్కల కంటే అవే విరగబూసేవి. నాకు కడుపు మండేది.

ఒక చలికాలం పొద్దున్న డాబా మీద నుంచి నన్ను కేకేసింది. వెళ్లి చూస్తే ఒక కొమ్మకు పూసిన పువ్వు ఎరుపు మీద పసుపు చారలతో ఉంది. మిగతా మొక్కంతా ఎరుపే. ఇలా రంగు మార్చుకున్న కొమ్మను గులాబీల వాళ్లు స్పోర్ట్ అంటారు. పెంచేవాళ్లకు జన్మకొకసారి కనబడితే గొప్ప.

"ఇదేంటక్కా ఇలా పచ్చబడింది? మా మినప చేలో పల్లాకు తెగులొస్తే ఆకులు అచ్చం ఇలాగే అయిపోతాయి. అదేనంటారా?" అంది.

నాకు అబద్ధం వెతుక్కునే పని కూడా లేకుండా ఆమే అందించింది.

"అదే. ఈ కొమ్మ నేను కోసి దూరంగా పారేస్తాలే," అన్నాను.

కొమ్మను తడిగుడ్డలో చుట్టి, వెంటనే మైలవరం దగ్గర ఒక నర్సరీకి పట్టుకెళ్లాను. అక్కడ అంటు కట్టే ఆయన ఒక్కొక్క కన్నూ చెక్కి, అడవి గులాబీ కాండానికి అతికించి కట్టాడు. తిరిగొచ్చేసరికి డాబా మీద పొగ. తెగులు మొక్కను పక్క చేను కోసమైనా పీకి కాల్చాలని ఆమెకు వాళ్ల నాన్న నేర్పాడట. ఐదు మొక్కలు అప్పటికే కొబ్బరిమట్టల మంటలో ఉన్నాయి. మూడు ఇంకా కుండీల్లోనే ఉన్నాయి.

"మీ మొక్కలకి అంటుకుందంటే నేను తట్టుకోలేనక్కా," అంది.

ఆగమంటే ఆగేది. కానీ ఇవీ కాలిపోతే ఆ రంగు ఇంకెవరి దగ్గరా మళ్లీ పుట్టకుండా ఉంటుంది కదా అనుకున్నాను. మూడూ కాలేదాకా నిలబడి చూశాను.

కట్టించిన కన్నుల్లో సగం చచ్చాయి. బతికిన వాటిలో కొన్ని పాత ఎరుపుకే తిరిగిపోయాయి. చారలు నిలిచిన మొక్కల నుంచే మళ్లీ మళ్లీ కన్నులు తీయించాను. మూడేళ్లకు రంగు కుదురుకుంది. ఆ ఏడు ప్రదర్శనలో మొదటి బహుమతి నాదే. చీటీ మీద, పువ్వును సృష్టించినవారు అన్నచోట నా పేరు రాశారు.

తోటికోడలు పట్టుచీర కట్టుకుని చూడ్డానికొచ్చింది. పువ్వు చూసి నా చెవిలో, "అక్కా, ఇది ఆ తెగులేనేమో. పక్క పూలకి అంటుకోదు కదా?" అంది. నేను ఆ మాట అందరికీ వినబడేలా చెప్పి నవ్వించాను. ఆమె కూడా సిగ్గుపడుతూ నవ్వింది. ఇది వేరే రకమని చెబితే నమ్మింది. దారిలో తనకూ ఒక మొక్క కావాలని అడిగింది.

ఇచ్చాను, ఎరుపుకు తిరిగిపోయిన వాటిలోంచి ఏరి. అది పూశాక ఆమె మొహం మాడిపోవడం చూడాలనుకున్నాను. నీ చేతిలో రంగు నిలవదు అనాలని మాట కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

పూసిన రోజు పువ్వు పట్టుకుని పరుగున పైకొచ్చింది. "నా పాత గులాబీయే అక్కా! ఆ రంగే, ఆ వాసనే. నాకోసం ఎక్కడో దాచి ఉంచారు కదూ?" అంది. కళ్ల నిండా నీళ్లు.

ఆ సంతోషం నేను ఓర్వలేకపోయాను. పశ్చాత్తాపంతో నిజం చెప్పానని రాస్తే బాగానే ఉంటుంది. కానీ అక్కసుతో చెప్పాను. తెగులూ లేదు, పాడూ లేదు. బహుమతి వచ్చింది నీ కొమ్మకే. నువ్వు మొక్కలు కాలుస్తుంటే తెలిసే చూస్తూ నిలబడ్డాను.

ఆమె తిట్టలేదు. పువ్వు బల్ల మీద పెట్టి, తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"ఆవేళ మొక్కలు పీకుతూ ముళ్లు గుచ్చుకుని నా చేతులు నెత్తురోడుతుంటే, కూచోబెట్టి ఒక్కొక్క ముల్లూ తీసి, నూనె రాసింది మీరే కదక్కా?" అంది.

అవును, నేనే. ఆ సంగతి పైన రాయకుండా దాటేశాను.