అమ్మ శోకం బాపు కోసమే

ఎల్లారెడ్డి పక్కన మా ఊళ్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు వెతుక్కోవాలి. అందుకే యూనివర్సిటీలో డాక్యుమెంటరీ తీయమన్నప్పుడు మా జట్టు మా ఇంటికే పోదామంది. అన్న దుబాయ్‌లో ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకుని దిగిన అతని ఫోటో గోడ మీదుంది. ఇంతకన్నా ఏం కావాలి వాళ్లకు!

అమ్మ అందరికీ మక్కజొన్న రవ్వతో గట్క వండి పెట్టింది. అన్న ఫోన్ చేస్తే ఇంటిల్లిపాదీ ఎట్లా ఎగబడతామో నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వే మా డైరెక్టర్‌కు నచ్చలేదు. "ఇందులో ఏడుపు లేదురా" అని గొణిగాడు. ఊళ్లో ఎవరు పోయినా అమ్మ శోకం తీస్తుందని, పోయినవాళ్ల మంచితనమంతా రాగం తీసి ఏడుస్తుందని పక్కింటామె చెప్పగానే వాడి మొహం వెలిగింది.

"సావు లేని ఇంట్ల శోకం తియ్యరు బిడ్డా. నా కొడుకు పరాయి దేశంల ఉన్నడు" అంది అమ్మ.

వాడు వదిలితే కదా! చివరికి అమ్మే ఒక దారి చెప్పింది. మా చెలక చేనులో, మేం బాపు అని పిలిచే మా నాన్న సమాధి ఉంది. అక్కడైతే బాపు మీద ఏడుస్తానంది. ఏడ్చింది. తర్వాత బోరు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, మాచేతా కడిగించి, అప్పుడే ఇంట్లోకి రానిచ్చింది.

ఎడిటింగ్ అంతా డైరెక్టరే చూసుకున్నాడు. కామారెడ్డిలో ఒక కాలేజీ హాల్లో ఆ సినిమా వేస్తున్నారంటే అమ్మ కొత్త చీర కట్టుకుని బస్సెక్కి వచ్చింది.

తెర మీద సమాధి లేదు. అన్న ఫోటో మెల్లగా దగ్గరికొస్తోంది. దాని మీద అమ్మ గొంతు. "నన్నిడిసి ఏడికి పోతివి నా రాజా..." నాకు ఒళ్లు మండిపోయింది. డైరెక్టర్ మాత్రం వెనక్కి తిరిగి జనం కళ్లల్లో తడి వెతుక్కుంటున్నాడు. ఇప్పటికీ వాణ్ని తలుచుకుంటే నాకు అసహ్యమే.

అమ్మ లేచి నిలబడింది. "నా కొడుకు బతికే ఉన్నడు! నిన్ననే ఫోన్ జేసిండు!"

ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. "పాపం, ఇంకా నమ్మలేకపోతోంది" అంది పక్కామెతో. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది.

అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. వరండాలో అటూ ఇటూ చూసింది.

"నల్లా ఏడుందిరా? కాళ్లు కడుక్కోవాలె."