ఎనిమిదో అంచు

ఆ రోజుల్లో గద్వాల డిగ్రీ కాలేజీలో గ్రూప్ ప్రాజెక్టు అంటే అట్ట మీద నలుగురి పేర్లు, లోపల ఒకరి కష్టం. మిగిలిన ముగ్గురు స్పైరల్ బైండింగ్ షాపు దాకా వెళ్లడానికి, బైండింగ్ అయ్యేలోపు ఎదురుగా టీ తాగడానికి సహకరించేవారు. మాది అలాంటి ప్రాజెక్టు కాదని ఈ రోజుకీ గర్వంగా చెప్పుకుంటాను. మేం పనిని న్యాయంగా, సమానంగా నాలుగు ముక్కలు చేసి పంచుకున్నాం. కొంప మునిగింది అక్కడే.

మా నలుగురిలో మొదటివాడు సైలెన్సర్. ధరూర్ నుంచి వాడి బండి బయల్దేరితే గద్వాలలో మాకు తెలిసేది (బండికి సైలెన్సర్ లేదు, వాడికీ లేదు). రెండోవాడు సరేసరే. ఎవరేమన్నా "సరే సరే" అంటాడు. ఒకసారి లెక్కల సార్ "నువ్వు గాడిదవిరా" అన్నా అదే జవాబు. మూడో మనిషి మేడం. మా తోటి విద్యార్థినే గానీ, సార్ చెప్పిన పాఠం మాకు మళ్లీ చెప్పేది కాబట్టి ఆ బిరుదు. వాళ్లది మగ్గాల ఇల్లు. నాలుగోవాణ్ని నేను. హాజరు పట్టీలో నా పేరు పక్కన ఖాళీలు కొంచెం ఎక్కువగా ఉండటంతో నా డిగ్రీ అంతా ఆ ప్రాజెక్టు మార్కుల మీదే నిలబడి ఉంది. ఆ ఏడు పాస్ కాకపోతే ఎమ్మెస్సీ మాట మరచిపోయి, మానవపాడులో మా మామ ఎరువుల దుకాణంలో కూర్చోవాలని ఇంట్లో తీర్మానం జరిగింది. నా కోసం మామ అప్పటికే ఒక స్టూలు తెప్పించి పెట్టాడు.

మా అంశం చీర అంచుల్లో సౌష్ఠవం. ఒకే బొమ్మ వరుసగా సాగిపోయే ఏ అంచైనా ఏడు రకాల్లో ఏదో ఒకటి అయి తీరుతుందనీ, ప్రపంచంలో ఎనిమిదో రకం లేదనీ, ఉండదనీ సార్ క్లాసులో నిరూపించారు. ఏ రకమో తేల్చడానికి నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. అద్దంలోలా కుడి ఎడమలు మారిస్తే అంచు అలాగే ఉంటుందా? నీళ్లలో నీడలా పైకిందులు మారిస్తే ఉంటుందా? చక్రంలా సగం చుట్టు తిప్పి తలకిందులు చేస్తే ఉంటుందా? కాస్త జరిపి బోర్లిస్తే ఉంటుందా? నాలుగు ప్రశ్నలు, నలుగురం. దేవుడే పంచిపెట్టినట్టు అనిపించింది.

వాళ్ల అమ్మ పెళ్లి చీరను మేడం కాలేజీ వరండాలోకి తెచ్చింది. "దూరంకెళ్లి చూడుండ్రి. మిర్చి బజ్జి చేతులు పెట్టిండ్రంటే మా అమ్మ నన్ను సంపుతది" అని నేరుగా సైలెన్సర్‌ను చూస్తూ చెప్పింది. తలా ఒక ఫోటో తీసుకుని, తలా ఒక ప్రశ్న పట్టుకుని ఇళ్లకు పోయాం. ఒకరి ఫోటో ఇంకొకరం చూడలేదు. ఇంకొకరి పనిలో వేలు పెట్టడం మర్యాద కాదు కదా.

ఆదివారం పొద్దున బస్టాండ్ పక్క హోటల్లో నాలుగు జవాబులూ కలిపాం. కుడి ఎడమలు నావి, అవును. పైకిందులు సరేసరేవి, అవును. జరిపి బోర్లించడం మేడంది, అవును. తలకిందులు సైలెన్సర్‌వి, కాదు. మేడం ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"గట్లెట్లయితది? మొదటి రెండు అవునంటే తలకిందులు గూడ అవునే కావాలె. సార్ బోర్డు మీద చూపియ్యలే?"

సహజంగానే ముందు సరేసరేను అనుమానించాం (అవును తప్ప వేరే జవాబు వాడి నోట ఎవరూ వినలేదు). వాడు మొదటిసారి ఎదురు తిరిగాడు. "అన్నిటికీ నేనే దొరికిన్నా? మూడు సార్లు చూసిన. అవునంటే అవునే!" సైలెన్సర్ బల్ల గుద్దాడు. "నాది పదిసార్లు చూసిన. కాదంటే కాదు!"

ఇద్దరూ అబద్ధమాడటం లేదు. అంటే ఏడింటిలోనూ ఇమడని అంచు ఒకటుంది. అంటే ఎనిమిదో రకం. ఆ మాట ఎవరు ముందన్నారో గుర్తులేదు, నేనే అని మాత్రం గుర్తు. సైలెన్సర్ లేచి నిలబడి, "ప్రపంచానికి దొరకలే, గద్వాలకు దొరికిందిరా!" అని అరిచాడు. పక్క బల్ల పెద్దమనిషి ఏదో తప్పిపోయిన బర్రె దొరికిందనుకుని సంతోషించాడు. నేను మామకు ఫోన్ చేశాను. అంతా విని, "మంచిదే అల్లుడా. స్టూలు మాత్రం వాపస్ ఇయ్యను, ఉండనీ" అన్నాడు. సార్‌కు కూడా మెసేజ్ పెట్టాను, వినయంగానే: "సార్, మీ నిరూపణలో చిన్న లోపం ఉన్నట్టుంది." కాసేపటికి జవాబొచ్చింది: "ఎల్లుండి వైవాకు బయటి నుంచి ఒక ప్రొఫెసర్ వస్తున్నారు. ఆయనకే చెప్పండి."

ఆ రోజంతా నేను నేల మీద నడిచిన గుర్తు లేదు. కిరాణా కొట్టుకు పోయి సబ్బు అడిగినా అందులో ఒక గాంభీర్యం ఉండేది. మేడం ఒక్కతే ఆ సంబరంలో కలవలేదు. మర్నాడు, "జర మా ఇంటికి రాండ్రి, చీర మళ్ల చూద్దాం" అంది.

వెళ్లేసరికి వాళ్ల అమ్మానాన్నా మగ్గానికి చెరో వైపు కూర్చుని నేస్తున్నారు. అంచు పట్టు, ఒళ్లు నూలు. రెండూ కలిసేచోట ప్రతి వరుసకూ ఆ పోగు ఈ పోగు పెనవేయాలి కాబట్టి ఒకరి చెయ్యి ఆగితే ఇంకొకరి చెయ్యి ఆగుతుంది. పక్కన కండెలకు నూలు చుడుతున్న వాళ్ల అవ్వ మా ముఖాలు చూసి, "ఏంది బిడ్డా, గింత పరేషాన్ల ఉన్నరు?" అంది. సైలెన్సర్ తన ఫోన్ చూపించి, ప్రపంచ గణితం ఎట్లా కూలిపోయిందో వివరించాడు. అవ్వ ఓపిగ్గా విని, నలుగురి ఫోన్లూ వరుసగా నేల మీద పెట్టించింది.

"గీ ముగ్గురు తీసింది రుద్రాక్షల వరుస. నువ్వు తీసింది దానిపైన కోటకొమ్మ" అంది సైలెన్సర్‌తో. "కోటను తలకిందులు జేస్తే కోటెట్ల ఉంటది కొడుకా? కొమ్ములు నేలకు గుచ్చుకోవా?"

అందరం సైలెన్సర్ ఫోన్ మీదికి వంగాం. సరేసరే మాత్రం నెమ్మదిగా, "నేను అవునన్ననా లేదా?" అన్నాడు.

"ఒక్క చీరను నలుగురు నాలుగు తావుల చూసొచ్చి కొత్తది దొరికిందంటరా?" అంది అవ్వ. మగ్గం మీదున్న ఇద్దర్నీ గడ్డంతో చూపించింది. "వాళ్లు గూడ మీ లెక్కనే ఎవరిండ్ల వాళ్లు నేసుకొచ్చి కలుపుతమంటే, కట్టుకున్నామె అంచు బజార్లనే ఊడిపోతది."

నా కళ్ల ముందు మామ స్టూలు కదలాడింది. సార్‌కు పెట్టిన మెసేజ్ తుడిచేద్దామని చూస్తే పక్కన రెండు నీలం గీతలు, కింద సార్ జవాబు నన్ను చూసి నవ్వాయి. ఆ మధ్యాహ్నం చీర మధ్యలో పరిచి చుట్టూ కూర్చున్నాం. ఒక్కో వరుసకు నాలుగు ప్రశ్నలూ నలుగురమూ వేసుకున్నాం. అరిచాం, కొట్లాడుకున్నాం, అవ్వ పెట్టిన జొన్నరొట్టె తిన్నాం. ఒకటే చీరలో మూడు రకాలు దొరికాయి, మూడూ ఏడింటిలోవే. చివర్లో ఎనిమిదో రకం ఎలా పుట్టి ఎలా పోయిందో ఒక పేజీ రాశాను. మేడం పట్టుబట్టడం వల్ల రాశాను గానీ నిజాయితీ వల్ల కాదు.

వైవాలో బయటి ప్రొఫెసర్ నలభై పేజీలు గాలికి తిప్పినట్టు తిప్పి ఆ పేజీ దగ్గర ఆగారు. మొత్తం చదివారు. "ఈ అవ్వ పేరు అట్ట మీద ఎందుకు లేదు?" అని అడిగారు. మా సార్ కిటికీ వైపు తిరిగి దగ్గారు (ఆయనకు దగ్గు లేదు). పాసయ్యాను. ఆ స్టూలు మీద ఇప్పటికీ మామే కాళ్లు పెట్టుకుంటాడు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరికి అదే ప్రాజెక్టు ఇస్తాను. మొన్న నలుగురు పిల్లలు పరుగున వచ్చారు. ముందున్న పిల్లకు ఊపిరాడటం లేదు. "సార్! మీరు ఏడే అన్నరు గద! మాకు ఎనిమిదోది దొరికింది సార్!"

నాలుగు ఫోన్లలో నాలుగు ఫోటోలు. నాలుగూ ఒకే వరుసవి కావని చూడగానే తెలిసింది. నోటిదాకా వచ్చింది కూడా.

"వైవా ఎప్పుడు?" అన్నాను.

"సోమవారం సార్."

"అయితే రేపు చీర తీసుకుని రండి, కూర్చుని చూద్దాం. ఇయ్యాల్టికి పోయి ఛాయ్ తాగుండ్రి."

అట్ట మీద ఎవరి పేరు ముందుండాలో కొట్లాడుకుంటూ మెట్లు దిగిపోయారు. గేటు దాకా వినిపించారు. నాకా భోగం ఒకే ఒక్క రోజు దక్కింది. వాళ్లది సాయంత్రం కాకుండానే ముగించడానికి నాకు మనసు రాలేదు.