నారికురుపులు తీసిన ఏళ్ళు

నా కూతురిని వాళ్ళ అత్తగారి ఊరి నుంచి ఎద్దులబండిలో తెచ్చేసరికి ఎడమకాలు మోకాలి దాకా ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. చీలమండ దగ్గర నారికురుపు లేచింది. మా కడప సీమలో దిగుడుబావి నీళ్ళు తాగే ఊళ్ళలో ఎండాకాలం వచ్చిందంటే ఈ జబ్బు మామూలే. ముందు బొబ్బ లేస్తుంది. అది పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు కొస బయటికి వస్తుంది. మూర పొడవు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. దాన్ని రోజుకింత చొప్పున మెల్లగా రాబట్టాలి. ఆత్రపడి లాగితే లోపల తెగుతుంది. తెగితే కాలు చీము పడుతుంది.

నా కూతురి కాల్లో తెగింది. తెంపింది వాళ్ళ అత్త. వాళ్ళూ మాలాగే నేతవాళ్ళు. వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పెట్టే రోజది. ఆ పనికి పొద్దున్నుంచి పడుగు వెంట అటూ ఇటూ నడుస్తూనే ఉండాలి. కోడలు కుంటుతోంది, గంజి ఆరిపోతోంది. ఆమె పురుగు కొసను గుడ్డతో పట్టుకొని లాగేసిందట. ఈ సంగతి బండి తోలుకొచ్చిన మనిషి చెప్పాడు. నా కూతురు చెప్పలేదు.

వచ్చిన కొద్ది రోజులకే దవడలు బిగుసుకుపోయాయి. నీళ్ళు పోద్దామన్నా పళ్ళు విడివడలేదు. ఒళ్ళు విల్లులా వంగిపోయేది. తలుపు చప్పుడైనా, ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడినా కొట్టుకులాడేది. అందుకని మా ఆయన మగ్గం ఆపేశాడు. అది చూసి వీధిలోవాళ్ళూ ఆపేశారు. పొద్దంతా మగ్గాల చప్పుడుతో ఉండే మా వీధి అంత నిశ్శబ్దంగా ఉండడం నేను అంతకు ముందు ఎరగను. ఆ నిశ్శబ్దంలోనే నా కూతురు పోయింది. ఇరవై ఏళ్ళు నిండలేదు, పిల్లలు లేరు. ఏడాది తిరక్కుండా అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.

నాకప్పటికి నలభై దాటాయి. ముట్టు నిలిచిపోయింది. కొడుకు మగ్గం మీద కూర్చున్నాడు, కోడలు పొయ్యి దగ్గరికి వచ్చింది. మగ్గానికి నూలు కండెలు చుట్టే పని ఒక్కటి నా చేతిలో మిగిలి ఉండేది, అదీ మానేశాను. రాట్నం ముందు కూర్చుంటే చెయ్యి తిరిగేది కాదు. అన్నం పెడితే తినేదాన్ని, పెట్టకపోతే అడిగేదాన్ని కాదు. తలకు నూనె పెట్టుకోవడం మానేశాను. మా ఆయన నన్ను అహోబిలం తీసుకుపోయాడు. కొండెక్కాను, దిగాను. స్వామి ముందు నిలబడి ఏం అడగాలో తోచలేదు. ఇంటికి రాగానే మా ఆయన మగ్గం గుంటలోకి దిగాడు. నేను మళ్ళీ అరుగు మీద కూర్చున్నాను.

మా వీధి చివర ఒక దూదేకులామె ఉండేది. అరవై దాటిన మనిషి. మొగుడూ బిడ్డలూ ఎప్పుడో ఒక జ్వరాల ఏడాది వరసగా పోయారు. దూది ఏకే పని తమ్ముడి కొడుకులకు వదిలేసి, ఆమె ఆడవాళ్ళకు నారికురుపులు తీసేది. ఆ పురుగు కాళ్ళకే రావాలని లేదు. తొడకొచ్చేది, పిరుదుకొచ్చేది, రొమ్ముకు కూడా వచ్చేది. మగవాళ్ళకు చూపించలేక, చీము పట్టినా నోరెత్తక పడుకునే ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాళ్ళు. నా కూతురు మంచాన ఉన్నప్పుడు ఆమె మా ఊళ్ళో లేదు. బేతంచెర్ల పక్క చుట్టాలింట్లో ఉండింది.

ఒకరోజు పొద్దున ఆమె మా అరుగెక్కి నా పక్కన కూర్చుంది.

“మ్మే, నాతో రా. కోమటోళ్ళ ఇంట్లో పని ఉండాది,” అంది.

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

“నాకు కండ్లు ఆనడంలే. కొస యాడుండాదో తెలీక తడుముకుంటాండా. నీవి కండెలు సుట్టిన చేతులు. దారం ఎంత బిగువుకు తెగుతాదో నీకు తెలుస్తాది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “నా కూతురు ఈ ఇంట్లో కొట్టుకుంటాంటే యాడ పోయింటివి?” అన్నాను.

ఆమె తల దించుకోలేదు. “ఉండింటే గూడా బతికించేదాన్ని గాదు మ్మే. తెగి ఇసం ఎక్కినాక నా చేతుల్లో ఏమీ ఉండదు. తెగకముందైతేనే నా పని. దానికే నిన్ను రమ్మంటాండా.”

లోపల మగ్గం ఆగింది. “పోయి రా,” అన్నాడు మా ఆయన. “గోడల్ని సూస్తా కూచునేదానికంటే మేలు.”

కోమట్ల ఇంట్లోకి మమ్మల్ని దొడ్డిదారిన రమ్మన్నారు. మేం వెళ్ళిపోయాక గది కడుక్కుంటారని ఇద్దరికీ తెలుసు. ఆ ఇల్లాలిది నా వయసే. వంటింటి వెనక చీకటి గదిలో బోర్లా పడుకొని ఉంది. తొడ వెనక బొబ్బ పగిలింది. దూదేకులామె చల్లటి నీళ్ళు ధారగా పోస్తే పురుగు కొస కనిపించింది. ఆ వాసన నా కూతురి మంచం దగ్గరి వాసనే. దొడ్లోకి పరిగెత్తి కక్కుకున్నాను. ఇక ఇంటికి పోదామని గోడ పట్టుకొని నిలబడ్డాను.

అంతలో లోపల కేక. చూస్తే, ఆ ఇల్లాలు మంటకు ఓర్చుకోలేక లేచి కూర్చుంది. తానే వెనక్కి చెయ్యి పెట్టి కొస పట్టుకొని లాగబోతోంది. ముసలామె ఆమె చెయ్యి కోసం తడుముకుంటోంది.

“పీకి పారేస్తా! సస్తే సస్తా!” అంటోంది ఆ ఇల్లాలు.

ఎట్లా లోపలికి పోయానో నాకు తెలియదు. ఆమె మణికట్టు పట్టుకున్నాను. “లాగితే సస్తావు! నా కూతురు అట్లనే సచ్చిపోయె!” అని అరిచాను.

కూతురు పోయినాక ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఆమె చెయ్యి వదిలేసింది. నా మొహంలోకి చూసి, మళ్ళీ బోర్లా పడుకుంది. నేను వేపపుల్ల తుంచి, కొసను దానికి చుట్టి, బిగువు తగిలేదాకా తిప్పాను. తగలగానే ఆపాను. వేలెడు వచ్చింది. ఆముదం గుడ్డతో కట్టు కట్టాం. మరునాడు మళ్ళీ పోయాం, ఆ మరునాడూ పోయాం. పురుగంతా బయటికి వచ్చిన రోజు ఆమె దాని వైపు చూడలేదు. నా రెండు చేతులూ పట్టుకొని చాలాసేపు కూర్చుంది. ఆ రోజు ఇంటికొచ్చి నేనే అన్నం అడిగాను. కోడలు నా మొహం కేసి చూసి గబగబా వడ్డించింది.

అప్పట్నుంచి ప్రతి ఎండాకాలం నాకదే పని. అన్నీ మంచి కబుర్లేమీ కావు. మా దగ్గరికి వచ్చేసరికే తెగిపోయినవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళలో కొందరు అవిటివాళ్ళయ్యారు, కొందరు పోయారు. కాలు నా ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే ఆడవాళ్ళు ఏదో ఒకటి చెప్పుకునేవాళ్ళు. మొగుడు ఇంకొకతెను తెచ్చుకున్న సంగతి, పుట్టిన బిడ్డలు నిలవని సంగతి, కోడలు కూడు పెట్టని సంగతి. నేను పుల్ల తిప్పుతూ వినేదాన్ని. దూదేకులామె నాతో, “ఏడ్సేదాన్ని ఏడ్వనీ. కాలు మాత్రం కదలనీకు,” అనేది. రెండో పెద్దయుద్ధం మొదలైనాక ఒక వానాకాలంలో ఆమె పోయింది. ఆ తర్వాత నేను ఒక్కదాన్నే పోయేదాన్ని.

నూలు కంట్రోలు పెట్టి కొలిచి ఇస్తున్న రోజుల్లో, మగ్గాలు సగం మూతపడి ఉండగా, ఒక పొద్దున మా గడపలో ఒక పిల్ల వచ్చి నిలబడింది. కాళ్ళ నిండా దుమ్ము. నా కూతురికి మేం పెట్టిన కమ్మలు ఆ పిల్ల చెవులకు ఉన్నాయి. ఎవరో అడగాల్సిన పని లేకపోయింది. మా అల్లుడి రెండో పెండ్లాం.

“అమ్మా,” అంది. మొదటి భార్య తల్లిని అట్లాగే పిలవడం మాలో ఆచారం. “మా అత్తకు రెండు కాళ్ళకూ లేసినాయి. ఎవుర్నీ ముట్టనీడంలే. ‘నాకిట్లనే కావాల’ అంటాండాది. నిన్ను పిలుచుకొస్తానని ఆమెకు చెప్పలే. నేనే వచ్చినా.”

నా కొడుకు లేచి నిలబడ్డాడు. “పోవద్దు మా. సావనీ దాన్ని.”

నేను పోయాను. జాలితో పోలేదు. నా కూతురు కాపురం చేసిన ఇల్లు ఒకసారి చూడాలనిపించింది.

గండికోట దాటి, పెన్నకు ఎడంగా, ఎర్రరాళ్ళ మధ్య ఉంటుంది ఆ ఊరు. మా వియ్యపురాలు కొట్టంలో నులక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. నా గొంతు విని ఇటు తిరిగింది. మనిషి సగమైపోయింది.

“ఎందుకొస్తివి వదినా?”

“కాళ్ళు సూసేదానికి.”

“నేనే పీకితిని వదినా.” ఆమె నా వైపే చూస్తోంది. “తెలీక పీకిందనుకుంటాండావేమో. తెగుతాదని తెలుసు నాకు. గంజి ఆరిపోతాందని పీకితిని.”

“తెలుసు,” అన్నాను.

“తిట్టు.”

“కాలు సాపు.”

పురుగులన్నీ వచ్చేదాకా ఆ ఇంట్లోనే ఉండిపోయాను. రోజూ పొద్దున నీళ్ళు పోయడం, పుల్ల తిప్పడం. ఒక్క రవ్వ గట్టిగా తిప్పితే చాలు, అంతా ముగిసిపోతుంది. అది నా వేళ్ళకు తెలుసు, ఆమెకూ తెలుసు. నేను పుల్ల పట్టుకోగానే ఆమె కళ్ళు మూసుకునేది. ఆపాల్సిన చోట నేను ఆపేదాన్ని. ఎందుకు ఆపానని ఇప్పటికీ నన్ను ఎవరైనా అడిగితే, చెయ్యి అలవాటైపోయింది అనే చెప్తాను.

కుడికాలు బాగైంది. ఎడమ మోకాలు మాత్రం బిగిసిపోయింది. ఇక పడుగు వెంట నడవలేదు. “ఇంక నేనెందుకు వదినా, ఎవురికి పనికొస్తా?” అంది. ఆ మాట నేను మా అరుగు మీద కూర్చొని ఎన్నోసార్లు అనుకున్నదే.

ఆ ఊళ్ళో ఒక సంగతి నా కంటబడింది. దిగుడుబావి మెట్ల మీదికి అందరినీ రానిచ్చేవాళ్ళు కాదు. అంటరానివాళ్ళంటూ ఆపేస్తే, ఊరి చివరి పేటవాళ్ళు వంక ఇసకలో చెలమ గుంటలు తవ్వుకొని ఆ నీళ్ళే తాగేవాళ్ళు. వాళ్ళ పేటలో ఈ జబ్బు దాదాపు లేదు. అంతకు ముందు ఏడాది తాలూకా నుంచి ఒకాయన మా ఊరొచ్చి, పుండు కాలితో బావిలో దిగితే పురుగు పిల్లలు నీళ్ళలో కలుస్తాయనీ, నీళ్ళు గుడ్డలో వడగట్టుకోమనీ చెప్పిపోయాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఇక్కడ చూశాక నమ్మాను.

“నడవలేకపోతే కూకోలేవా?” అన్నాను ఆమెతో. “బావి పైమెట్టు మీద కూకో. పుండు కాలోళ్ళను దిగనీకు. గుడ్డ లేకుండా కడవ ముంచనీకు.”

గుడ్డకు కూడా కరువు రోజులవి. పాత పంచెలు చించి, రెండు మడతలు వేసి కుట్టాం, నేనూ ఆమే ఆ రెండో కోడలూ. మర్నాటి నుంచి ఆమె కర్ర పట్టుకొని, కాలు ఈడ్చుకుంటూ పోయి పైమెట్టు మీద కూర్చుంది.

ఊరు ఊరుకోలేదు. ఒకామె కడవ చంకన పెట్టుకొని అందరిముందూ అంది: “కోడల్ని సంపింది వచ్చి మాకు నీతులు సెప్తాంది సూడండమ్మా!”

“అవ్, సంపినా,” అంది మా వియ్యపురాలు. “గుడ్డ కట్టు.”

మరుసటి ఎండాకాలం కూడా కురుపులు లేచాయి. అందరూ ఆమెను ఎగతాళి చేశారు. ఆమె కూర్చుంటూనే ఉంది. ఆ పై ఎండాకాలానికి తగ్గాయి. పోలేదు, తగ్గాయి. రెండో కోడలు నా పక్కన కూర్చొని పుల్ల తిప్పడం నేర్చుకుంది. ఊళ్ళో బిడ్డల్లేని ఒక వితంతువు, మొగుడు వదిలేసిన ఇంకొకామె, ఇద్దరూ నడివయసువాళ్ళే, వాళ్ళంతట వాళ్ళే వచ్చి చేరారు. వాళ్ళను నేను ఓదార్చింది లేదు. పని చూపించాను, అంతే.

మా ఇద్దరి మధ్య మాత్రం ఏదీ చక్కబడలేదు. నేను పోయినప్పుడల్లా బావి మెట్టు మీద ఆమె పక్కన కూర్చునేదాన్ని. నీళ్ళ సంగతి, వానల సంగతి మాట్లాడుకునేవాళ్ళం. ఒకసారి ఉన్నట్టుండి అడిగింది.

“వదినా, ఆ పిల్ల ఏం ఇష్టంగా తినేది?”

“నీ ఇంట్లో అన్నేండ్లు తినె గదా. నీకు తెలీదా?”

“అడగలేదు,” అంది.

కొర్రన్నంలో అనపగింజల పులుసు అని చెప్పాను. ఆమె తల ఊపింది.

ఆ మరుసటి ఎండాకాలం ఆమె పోయింది. అప్పటికి యుద్ధం అయిపోయింది, దేశానికి స్వతంత్రం వస్తుందని చెప్పుకుంటున్నారు. కబురందగానే పోయాను. స్నానం చేయించే ఆడవాళ్ళతో కూర్చొని ఆ రెండు కాళ్ళూ నేనే కడిగాను. ఏ మచ్చ ఎక్కడ ఉందో నాకు తెలుసు. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు.

శవాన్ని ఎత్తాక బయటికొస్తే, పక్క ఊరి బండి ఒకటి నా కోసం కాచుకొని ఉంది. బాలింత అట, రొమ్ముకు లేచిందట, ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదట. రెండో కోడలు తల మీద నీళ్ళు పోసుకొని, తడి జుట్టుతోనే వచ్చి బండెక్కింది. నేనూ ఎక్కాను.